ఎక్కని పద్దెనిమిది మెట్లు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. చేతిలో మైకు ఉండగా పాపకు ఏదో అవుతుంది. ఆ కబురు తనదాకా వచ్చేసరికి హాల్లో చప్పట్లు మోగుతూ ఉంటాయి.

ఈ భయం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్త నవ్వుతుంది, మొగుడు "అయితే మానెయ్" అంటాడు. నవ్వినా సహించగలదు గానీ మానెయ్ అంటే సహించలేదు. అందుకని వేదిక ఎక్కబోయే ముందు ప్రతిసారీ ఇంటికి ఫోన్ చేసేది.

"అత్తయ్యా, ఏం చేస్తోంది?"

"ఊపిరి పీలుస్తోంది."

"ఇంకేం చేస్తోంది?"

"ఊపిరి వదులుతోంది. వెళ్ళి నీ పని చూసుకో."

ఆమెను అందరూ రేడియో అంటారు. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే వరసలో కూర్చున్న రోజుల్లో పడిన పేరు అది. నలభై మిషన్ల రొదను దాటి వినిపించే గొంతు ఆమె ఒక్కతెదే. చదువు తొమ్మిదో తరగతి సగంలో, త్రిభుజాల పాఠం దగ్గర ఆగిపోయింది. మూడో మూల ఏమైందో ఇప్పటికీ తెలియదని తనే చెప్పి నవ్వుతుంది. కాన్పు తర్వాత ఫ్యాక్టరీ ఆమెను మళ్ళీ తీసుకోలేదు. ఖాళీ లేదన్నారు. ఆమె స్టూలు మాత్రం వారం రోజులు ఖాళీగానే ఉందని తోటివాళ్ళు చెప్పారు.

మాట్లాడటమే పనిగా మారడం కూడా విచిత్రంగానే జరిగింది. పాపకు మూడో నెల టీకా వేయించడానికి వీధి చివరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి నర్సు కొత్త తల్లులందరినీ బెంచీల మీద కూర్చోబెట్టి గోడకు తగిలించిన బొమ్మ చూపిస్తూ పాఠం చెబుతోంది. వినేవాళ్ళు ఆవలిస్తున్నారు. బొమ్మలో తల్లి బిడ్డను ఎత్తుకుని వెన్నెల్లా నవ్వుతోంది. రేడియోకు నాలుక దురద పుట్టింది.

"సిస్టర్, ఆ ముఖం చూశారా? రాత్రి హాయిగా నిద్రపోయిన ముఖం అది. అది తల్లి కాదు, చూడ్డానికి వచ్చిన చుట్టం."

బెంచీలు ఊగేలా నవ్వారు. చివర కూర్చున్న ఒకామె నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. నర్సు బొమ్మను గోడ మీంచి దించి, "వచ్చే వారం కూడా రా" అంది.

మొదట ఇచ్చింది బిస్కెట్ ప్యాకెట్టు. తర్వాత బస్సు చార్జీ. ఆ తర్వాత ఒక క్లబ్బువాళ్ళు పిలిచి, గంట మాట్లాడించి, రెండు చేతులకూ సరిపోయేంత పూలగుత్తి ఇచ్చారు. ఇంటికి తెస్తే అత్త వాసన చూసి, "పాలవాడు దీన్ని తీసుకుంటాడా?" అంది.

తర్వాతి పిలుపు వచ్చినప్పుడు రేడియో గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, తన రేటు చెప్పేసింది.

"మాట్లాడటానికి కూడా డబ్బులా అమ్మా?"

"మైకు అద్దెకు తెస్తున్నారు కదండీ? దానికి ఇస్తున్నారుగా? అది ఒట్టి ఇనుము. దాన్ని పెట్టి చూడండి, ఏమైనా చెబుతుందేమో."

ఫోన్ పెట్టేశారు. పావుగంటకు మళ్ళీ చేశారు. అడగందే అమ్మయినా పెట్టదని అత్త ఆ రోజంతా వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పింది. పొద్దుపోయాక ఏదో గుర్తొచ్చి, "ఇన్నాళ్ళూ ఇంట్లో ఊరికే విన్నామా మేము!" అని కూడా అంది.

రేడియో తన ఉపన్యాసాన్ని కాగితం మీద రాసుకోదు. తన అక్షరాలు చూస్తే తనకే బెరుకు. సాయంత్రం గిన్నెలు తోముతూ సాధన చేస్తుంది. గ్లాసులు కడిగేటప్పుడు నవ్వించే ముక్కలు. కంచాల దగ్గరికి వచ్చేసరికి కాన్పు. అడుగంటిన గిన్నెకు నిద్రలేని రాత్రులు. అన్నీ బోర్లించి చివరికి పొయ్యి తుడిచేటప్పుడు పైనావిడ కథ. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. వేదిక మీద కూడా ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఎవరో గొప్ప గురువు నేర్పిన విద్య అనుకుంటారు చూసేవాళ్ళు.

పాప ఆ ఇరవై రెండు నిమిషాలూ సింకు పక్కన స్టూలు మీద కూర్చుని వింటూ పెరిగింది. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. నాలుగేళ్ళు వచ్చేసరికి ఉపన్యాసం మొత్తం దానికి నోటికి వచ్చేసింది. తల్లి దమ్ము తీసుకోవడానికి ఆగితే అది అందుకునేది.

పైనావిడ కథ ఇది. పిడుగు పుట్టిన కొత్తలో వాళ్ళు అద్దెకున్న ఇంటి పైఅంతస్తులో ఒకామె ఉండేది. ఆమెకూ పసివాడు. మొగుడు దూరంగా ఎక్కడో పని. రోజూ వాడి ఏడుపు కిందికి వినిపించేది, ఏడుపు వెనకే ఆమె జోలపాట. ఒకరోజు ఏడుపు వినిపించింది గానీ పాట వినిపించలేదు. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. ఆ మూడో రోజు రేడియో మెట్లదాకా వెళ్ళింది. కింద నిలబడి మెట్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది. తిరిగి ఇంట్లోకి వచ్చేసింది. నాలుగో రోజు ఇంటివాళ్ళు తలుపు బద్దలుకొట్టారు. ఆమె ప్రాణాలతోనే ఉంది. గోడకు ఆనుకుని, కళ్ళు తెరుచుకుని, పలకరిస్తే పలక్కుండా. పిల్లాడికి పాలు ఇస్తూనే ఉందట, తను మాత్రం మూడు రోజులుగా ఏమీ తినలేదట. ఎవరో చుట్టాలు వచ్చి తల్లినీ పిల్లాడినీ తీసుకుపోయారు. ఎక్కడికో కిందివాళ్ళెవరూ అడగలేదు.

రేడియో ఈ కథను ఉన్నది ఉన్నట్టు చెప్పేది. చెప్పాక ఎవరూ చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు. ఇంటికి వెళ్ళాలనిపించినట్టు అందరూ లేచి వెళ్ళేవాళ్ళు.

ఆ సంగతి డైరీ మేడంకు నచ్చలేదు. కంపెనీలకు ఉపన్యాసకులను కుదిర్చిపెట్టే ఆవిడ ఆమె. చంకలో ఎప్పుడూ ఇటుకంత డైరీ ఉంటుంది. అందులో పేరు ఎక్కితే నెలకు ఆరేడు చోట్ల నుంచి పిలుపు. పేరు లేకపోతే మళ్ళీ బిస్కెట్ ప్యాకెట్లే. ఒక నర్సింగ్ స్కూల్లో రేడియో మాటలు విని, తన ఆఫీసుకు రమ్మంది.

"నవ్విస్తావు, ఏడిపిస్తావు, అంతా బావుంది. ముగింపే చచ్చిపోయింది."

"ఆమె చావలేదండీ."

"అది కాదమ్మా! నువ్వు మెట్లు ఎక్కలేదు. దాంతో వినేవాళ్ళ చేతులు ఒళ్ళోనే ఉండిపోతున్నాయి. ఎక్కించు."

"ఎవర్ని?"

"నిన్నే. మూడో రోజున ఎక్కావు, తలుపు తట్టావు, ఆమె తీసింది, నీ భుజం మీద పడి ఏడ్చింది. అయిపోయింది. పద్దెనిమిది మెట్లే కదా, పర్వతం కాదు."

"నేను ఎక్కలేదు కదండీ."

"ఇదేమైనా కోర్టా? అందరూ చేసేదే. కాలు విరిగినా కొండెక్కానని చెప్పే ఆయన ఉన్నాడు నా డైరీలో. ఆ కొండ నేను చూశాను. పైదాకా బస్సు వెళుతుంది." డైరీ మేడం పెన్ను మూత తీసింది. "పదిరోజుల్లో ఒక బట్టల కంపెనీలో సూపర్‌వైజర్ల సమావేశం ఉంది. రెండు వందల మంది. అక్కడ చప్పట్లు మోగితే నీ పేరు రాస్తాను. లేకపోతే లేదు."

మొగుడు సరుకుల వ్యాను నడుపుతాడు. విని, తల గోక్కుని, "నెలనెలా జీతంలా వస్తుంది, ఆలోచించు" అన్నాడు. ఆమె ఆలోచించింది. ఆ సాయంత్రం పొయ్యి తుడుస్తూ, "మెట్లు ఎక్కాను" అంది.

"తప్పు!" అంది పిడుగు స్టూలు మీంచి. "ఎక్కలేదు."

"ఇప్పుడు ఎక్కానే."

"ఎప్పుడు? నేను బడికి వెళ్ళినప్పుడా?"

"కథలో ఎక్కాను."

"అయితే ఆ అమ్మ ఏమంది?"

రేడియో గుడ్డ పిండింది. పైనావిడ ఏమనేదో ఆమెకు తెలిస్తే కదా చెప్పడానికి. భుజం మీద పడి ఏడ్చేదా? తలుపు ముఖాన వేసేదా?

అత్త గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "ఎక్కితే ఎక్కావు గానీ, దిగేటప్పుడు జాగ్రత్త" అని లోపలికి వెళ్ళిపోయింది.

అయినా వారం రోజులు సాధన చేసింది. నాలుకకు వచ్చింది. చేతికి రాలేదు. కొత్త ముగింపు దగ్గరికి వచ్చేసరికి తుడిచే చెయ్యి పొయ్యి మీద ఆగిపోయేది.

సమావేశం రోజు పొద్దున్న అత్త స్నానాలగదిలో జారి మడమ బెణికించుకుంది. లేవలేకపోయింది. మొగుడు వ్యానుతో ఎప్పుడో వెళ్ళిపోయాడు. పిడుగుకు ఆ రోజు బడి లేదు. రేడియో పిడుగుకు బూట్లు తొడిగి, చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

అది కంపెనీ రెండో అంతస్తులో పొడవాటి హాలు. గోడల్లోంచి కూడా కొత్త గుడ్డ వాసన వస్తోంది. కుర్చీలకు తెల్లటి తొడుగులు. గాల్లో నూలుపోగులు తేలుతున్నాయి. డైరీ మేడం గుమ్మం దగ్గరే అడ్డుపడింది.

"ఈ పిల్లేంటి?"

"నా పిల్లేనండీ."

"అది తెలుస్తోంది. ఇక్కడికెందుకు? పనిచేసే చోటికి పిల్లల్ని తెస్తారా ఎవరైనా?"

"పిల్లల్ని కన్నవాళ్ళు పనికి ఎలా వస్తారో చెప్పమనేగా నన్ను పిలిచింది? చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది."

డైరీ మేడం గడియారం చూసి దారి వదిలింది. మైకులూ తీగలూ చూసుకునే మనిషి ముందు వరస పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు. పిడుగును తన పక్కన కూర్చోబెట్టుకుని, దాని తలకు రెట్టింపు ఉన్న హెడ్‌ఫోన్లు తగిలించాడు. "నోరు తెరిచావంటే హాలంతా వినిపిస్తుంది, జాగ్రత్త" అని ఉత్తుత్తిగా బెదిరించాడు. అది రెండు చేతులతో నోరు మూసుకుంది.

రేడియో వేదిక ఎక్కింది. ఇంటికి ఫోన్ చేయాల్సిన పని లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె భయం కళ్ళెదురుగా కూర్చుని కాళ్ళాడిస్తోంది. ఒంట్లోకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఆడవాళ్ళు బాత్రూముకి వెళితే వాచీ చూసే సార్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి" అని మొదలుపెట్టింది. ఎవరూ ఎత్తలేదు. "ఎత్తరులెండి. వాచీ చూసుకుంటున్నారు."

హాలు గొల్లుమంది. చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్ళు చేతులు విప్పారు. గ్లాసులు అయిపోయాయి, కంచాలు అయిపోయాయి, అడుగంటిన గిన్నె దగ్గర ఇద్దరు ముగ్గురు ముక్కులు తుడుచుకున్నారు. కుడిచెయ్యి తన దారిన తను తిరుగుతోంది. పైనావిడ వచ్చింది. ఏడుపు వినిపించింది, పాట వినిపించలేదు.

అప్పుడు చూసింది. పిడుగు పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, తల్లికన్నా అర అడుగు ముందు, మాట వెంట మాట. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. మెట్లదాకా వెళ్ళాను. కింద నిలబడి లెక్కపెట్టాను. పద్దెనిమిది.

అక్కడ పిడుగు పెదాలు ఆగిపోయాయి. ఈసారి అమ్మ ఏమంటుందో దానికి తెలియదు. రోడ్డు దాటబోతున్న మనిషిని చూసినట్టు చూస్తోంది. గోడ పక్కన డైరీ మేడం చూపుడువేలు పైకెత్తి పట్టుకుంది. ఎక్కు, ఎక్కు.

"పద్దెనిమిది మెట్లు" అంది రేడియో. "నేను ఎక్కలేదు."

వేలు కిందికి దిగింది.

"ఎక్కానని చెప్పమన్నారు. వారం సాధన చేశాను, బాగానే వచ్చింది. మీరు చప్పట్లు కూడా కొట్టేవాళ్ళు. కానీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో చెబుతాను, పెద్ద కారణాలేమీ కావు. నా నైటీ మీద పాలమరకలు ఉన్నాయి. ఆమె పేరు నాకు తెలీదు. నా పిల్ల అప్పుడే నిద్రపోయింది. ఎవరో ఒకళ్ళు వెళ్ళే ఉంటార్లే అనుకున్నాను. అంతే. ఆ నాలుగు కారణాలకి ఒక మనిషి మూడు రోజులు గోడకి ఆనుకుని కూర్చుంది."

వెనక వరసలోంచి ఒక భారీ మనిషి లేచాడు. గుడ్డ కోసే విభాగం సూపర్‌వైజరు.

"మాటలు కోటలు దాటుతున్నాయి గానీ కాలు గడప దాటలేదన్నమాట! ఇంక మాకేం చెబుతావమ్మా నువ్వు?"

నవ్వులు లేచాయి. రేడియో చెవులు ఎర్రబడ్డాయి. మైకు ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"బాగా అడిగారు అన్నయ్యా. మంచి చేసినవాళ్ళ ఉపన్యాసాలు మీరు చాలా వినుంటారు. విని, వాళ్ళు గొప్పోళ్ళు, మనవల్ల కాదులే అని టీ తాగి వెళ్ళిపోయుంటారు. నేను చేయనిదాన్ని. చేయకుండా ఎలా తప్పించుకుంటామో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. డబ్బులు తీసుకుంటున్నది దానికే. మీ విభాగంలో కాన్పుకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎంతమంది?"

"ఆ లిస్టు ఆఫీసులో ఉంటుంది."

"లిస్టు ఫోన్ చేయదు కదన్నయ్యా."

ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చోవాలో వద్దో తేల్చుకోలేక కుర్చీ వీపు పట్టుకున్నాడు. రేడియో నమస్కారం పెట్టి దిగింది. ఒక్క చప్పట కూడా లేదు. కుర్చీలు జరిగిన చప్పుడు, తర్వాత టీ కప్పుల చప్పుడు.

డైరీ మేడం నడవలో పట్టుకుంది. "బంగారంలాంటి అవకాశాన్ని కాలదన్నుకున్నావు. నీ పేరు రాయను."

"రాయకండి."

"నన్ను కాదని నిన్ను ఎవరు పిలుస్తారో చూస్తాను."

"నేనూ చూస్తానండీ. కాకపోతే కూర్చుని చూడను, తిరిగి చూస్తాను." చెయ్యి చాపింది. "ఈరోజు కవరు ఇటివ్వండి. ఇరవై రెండు నిమిషాలు అడిగారు, ఇరవై ఆరు మాట్లాడాను."

"సిగ్గులేదా?"

"కుట్టిన కాలరుకి కూలి అడిగినప్పుడు లేదు, ఇప్పుడెందుకుంటుంది? మీకు నచ్చకపోవడం వేరు, నేను పని చేయకపోవడం వేరు."

కవరు ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది, చుట్టూ జనం.

పిడుగు అప్పటికే రెండు బిస్కెట్లు సంపాదించింది. దాన్ని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి బరువైన అడుగులు. గుడ్డ కోసే విభాగం ఆయన. రేడియో పిల్లను గట్టిగా పట్టుకుంది, ఇంకో మాట పడటానికి సిద్ధపడింది.

ఆయన కాగితం కప్పును నలుపుతున్నాడు. "మా దగ్గర ఒకమ్మాయి ఉంది. ఐదు నెలలయింది వెళ్ళి. చేశాను నేను. ఒకసారి చేశాను, ఎత్తలేదు. ఎత్తితే ఏం మాట్లాడాలో తెలీక మళ్ళీ చేయలేదు."

"తిన్నావా అని అడగండి. పనికెప్పుడొస్తావ్ అని మాత్రం అడక్కండి."

"అంతేనా?"

"అంతే. ఎత్తకపోతే ఇంటికెళ్ళండి. మీ ఆవిణ్ణి తీసుకెళ్ళండి, మిమ్మల్ని ఒక్కరినే చూస్తే భయపడుతుంది."

ఆయన పెద్దగా నవ్వాడు, వెంటనే ఆపుకున్నాడు. "రెండో షిఫ్టువాళ్ళకి కూడా వచ్చి చెబుతారా? మేనేజరుని అడిగి చూస్తా."

"వస్తాను. నా రేటు కూడా చెప్పి అడగండి. తగ్గించి చెప్పకండి."

ఆ రెండో షిఫ్టు పిలుపు వచ్చింది, నెల తర్వాత. తర్వాత ఒక చెప్పుల కంపెనీ. తర్వాత ఇద్దరు పిలిచి, ముగింపు సంగతి తెలిసి, వద్దన్నారు. వద్దన్నవాళ్ళతో ఆమె వాదించలేదు, ముగింపు మార్చలేదు. డైరీ లేకుండా నెలకు రెండు, ఒక్కోసారి మూడు. అద్దెకు సరిపోతాయి, పాలకు సరిపోతాయి. మిగతాది అత్త సణుగుడు. గుడ్డ కోసే విభాగం అమ్మాయి ఫోన్ ఎత్తిందట. తినలేదు అందట.

పైనావిడ మాత్రం ఎక్కడుందో తెలియలేదు. పాత ఇంటివాళ్ళను అడిగితే ఎవరో వచ్చారు, సామాను వేసుకుపోయారు అన్నారు, అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. రేడియోకు ఆమె ముఖం కూడా సరిగా గుర్తు లేదు. గొంతు గుర్తుంది. సన్నటి గొంతు, జోలపాట పైకెక్కే చోట కొంచెం జీరపోయేది. పిల్లాడికి ఇప్పుడు నాలుగు దాటి ఉంటాయి. ఆమె ఏ వీధిలోనైనా ఉండొచ్చు. మీ వీధిలోనే ఉండొచ్చు, మీ ఇంటి పైనే ఉండొచ్చు. లేదా అక్కడ ఉన్నది ఇంకొకామె, ఆమెకూ పసివాడు, నాలుగు రోజులుగా తలుపు తెరిచిన చప్పుడు లేదు. ఇది చదవడం ఆపి ఒకసారి పైకి వెళ్ళి చూసి రండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. తలుపు తట్టి, తిన్నావా అని అడిగి రండి.